మంచులో దొరికిన ముఖం

ధవళదేశం మీదికి చలికాలం దండెత్తి వస్తుంది. ముందుగా ఈదురుగాలి వచ్చి దారులన్నీ మూసేస్తుంది. దాని వెనకాలే మంచు వచ్చి ఊళ్ళను ఆక్రమించుకుంటుంది. ఆ తరువాత ఆ దేశంలో వెండికొండలు, వెండిలోయలు, వెండిపొదలు తప్ప మరేమీ కనిపించవు. కొమ్మకొమ్మకూ ముత్యాల జాలర్లు వేలాడతాయి. జలపాతాలు దూకబోయి మధ్యలోనే మనసు మార్చుకున్నట్టు స్ఫటికపు తెరలై నిలబడిపోతాయి. సూర్యుడు కొండ అంచున కాసేపు కూర్చుని, పలకరించేవారు లేక చిన్నబుచ్చుకుని దిగిపోతాడు. ఆ ఉన్న కాసేపట్లోనే నిశ్చల సరస్సు మీద పచ్చలు, కెంపులు, నీలాలు రాశులు పోసినట్టు వెలుగు చిందిపోతుంది. సరస్సుకు ఆవలి గట్టున, నీటిమీదికి చొచ్చుకొచ్చి, మాంత్రికుడు తుషారదంష్ట్రుడి స్ఫటికదుర్గం ధగధగా మెరుస్తూ ఉంటుంది.

ఇంత అందమూ శిల్పి కేతోజుకు బూడిదకుప్పలా కనిపించింది. అతని కళ్ళు ఆ కోటను తప్ప దేన్నీ చూడడం లేదు. కోటలో అతని కూతురు నీలాంబ మంచుస్తంభంలో బందీగా ఉంది.

కేతోజు సామాన్యుడు కాడు. దక్షిణాన శిలావతీ రాజ్యంలో ఏ గోపురం చూసినా, ఏ మండపం చూసినా అతని ఉలి తిరిగిన చోటే. అయితే అదంతా పూర్వపు మాట. నీలాంబ ఉయ్యాలలో ఉండగానే భార్య కుందమ విషజ్వరంతో కన్నుమూసింది. ఆమె రూపాన్ని రాతిలో నిలపాలని కేతోజు కూర్చున్నాడు. చెయ్యి శాస్త్రం ప్రకారం పోయింది. కనుబొమలు విల్లుల్లా వచ్చాయి, ముక్కు నువ్వుపువ్వులా వచ్చింది, పెదవి దొండపండులా వచ్చింది. చూస్తే ఎవరో అప్సరస! కుందమ మాత్రం కాదు. ఒకదాని తరువాత ఒకటిగా రాళ్ళన్నీ పాడుచేశాక అతనికి అసలు సంగతి తెలిసివచ్చింది. ఊరిలోని దేవతలందరినీ అంత శ్రద్ధగా చూసిన తను, ఇంట్లో అన్నం పెట్టిన మనిషిని సరిగ్గా చూడనేలేదు. ఆ దుఃఖంతో ఉలి మూలన పడేశాడు. అంతటి శిల్పీ ఆనాటినుంచీ వీధివీధీ తిరిగి రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు కొట్టి పిల్లను పెంచాడు.

ఆ పిల్లనే మొన్నటి మంచుతుఫానులో మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వెంటపడి వచ్చిన కేతోజుకు కొండగుహలో ఒక సిద్ధుడు ఉపాయం చెప్పాడు. “ఆ మంత్రం మనిషిని పట్టుకోదు నాయనా, ముఖాన్ని పట్టుకుంటుంది. అచ్చం అలాంటి ముఖమే మంచులో మరొకటి చేసి కళ్ళు తెరిపించు. మంత్రం దాన్ని పట్టుకుని నీ బిడ్డను వదిలేస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, వదలదు. ఇంకొక్క మాట. నిశ్చల సరస్సు నడిమధ్యన ఇంకా గడ్డకట్టని నీళ్ళున్నాయి. అవి కూడా గడ్డకట్టాయంటే నీ కూతురు శాశ్వతంగా మంచే!”

అదీ సంగతి. రాతిలో భార్య ముఖం చేయలేక ఉలి పారేసినవాడు, మంచులో కూతురి ముఖం చేయాలి.

సరస్సు ఈవలి గట్టున అతనికి ఆశ్రయం ఇచ్చింది పోలాసి. మంచుకు బెజ్జం చేసి చేపలు పట్టే ముసలమ్మ. రోజూ ఒక బుట్టెడు చేపలు కోటకు కప్పం కట్టడం ఆమె వంతు. ఆనాడు పొద్దెక్కగానే, తన మనిషిగా కోటలోకి తీసుకుపోవాలని ఆమె కేతోజుకు మేకతోళ్ళు తొడిగింది, ముఖానికి చేపకొవ్వు పట్టించింది. వెనక్కి జరిగి నిలబడి చూసింది.

“బాగుంది ఓజయ్యా. అచ్చం మా ఆయన్లాగే కంపు కొడుతున్నావు” అంది.

గుడిసె ముందు మంచుతో చేసిన మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. చేతిలో గాలం, పక్కకు వంగిన మెడ. పనితనం మోటుగా ఉన్నా మనిషి మాత్రం ఉన్నాడు. పోలాసి బయలుదేరేముందు అతని భుజంమీద పడిన కొత్త మంచు దులిపింది.

“ఎవరక్కా ఇతను?” అని అడిగాడు కేతోజు.

“మా ఆయనే. ఈ సరస్సులోనే మునిగిపోయాడు. మా దేశంలో అంతే అయ్యా. పోయినోళ్ళని ప్రతి సలికాలం మంచుతో సేసుకుంటాం. ఎండలొస్తే ఎలిపోతారు.”

కేతోజులోని శిల్పి ఉండబట్టలేకపోయాడు. “కరిగిపోయేదానికి ఇంత పాటు ఎందుకక్కా? రాతిలో చేయిస్తే కలకాలం ఉంటాడు కదా!”

పోలాసి బండి తాడు భుజాన వేసుకుంటూ, “కలకాలం ఉంటే వారం రోజులు సూస్తాను, ఆనక దానిమీద వల ఆరేస్తాను” అంది. “ఇలాగైతే ఏటేటా మళ్ళీ సేయాల గదా? సేయాలంటే ఆడి మొకం ఎలా ఉండేదో మళ్ళీ తలుచుకోవాల. నిరుడు మెడ నిటారుగా పెట్టాను. తప్పు. ఆడు ఎప్పుడూ పక్కకు వంగి కూసునేవోడు. ఈ ఏడు గుర్తొచ్చింది.”

ఆ మాట కేతోజుకు ఎక్కడో తగిలింది, కానీ తడుముకునే తీరిక లేదు. ఇద్దరూ చక్రాల్లేని బండిని లాక్కుంటూ సరస్సు మీదికి దిగారు.

నడిసరస్సు చేరేసరికి గడ్డకట్టని నీళ్ళు చాటంత మేరే మిగిలాయి. నల్లటి ఆ నీటి అంచున మంచు రేకులు రేకులుగా దగ్గరికి జరుగుతూ ఉంది. సాయంత్రానికి మూసుకుపోవడం ఖాయం.

అప్పుడు కేతోజు ఒక పొరపాటు చేశాడు. శిల్పి అయినవాడు తప్ప మరొకడు చేయలేని పొరపాటు. ఏ రాయినైనా ముట్టుకునే ముందు సుత్తితో తట్టి చెవి పెట్టి వినడం అతని వంశంలో తాతల నాటి అలవాటు. గంటలా మోగితే పురుషశిల, కంచుపళ్ళెంలా మోగితే స్త్రీశిల, మూగగా ఉంటే పనికిరాని శిల. ఈ మంచు ఏ జాతిదో తెలుసుకోకుండా ముఖం చేయడమెలా? మోకాళ్ళమీద కూర్చున్నాడు, సుత్తి తీశాడు, ఠంగుమని ఒక్క దెబ్బ వేశాడు.

మంచు మోగింది. మోగి ఊరుకోలేదు. ఆ మోత సరస్సంతా పాకింది, గట్టులకు కొట్టుకుని తిరిగి వచ్చింది, కోట పునాదుల్లోకి దూరి బురుజులదాకా ఎక్కింది.

“ఓరి నీ సుత్తి మండ! తలుపు తట్టి మరీ సెప్పావు గదా మనం వస్తన్నామని!” అంది పోలాసి.

కోటవైపునుంచి గాజు తోడేళ్ళు వచ్చాయి. తుషారదంష్ట్రుడు మంచుతో చేసి ప్రాణం పోసిన మృగాలవి. ఒకదానిగుండా చూస్తే వెనకనున్నది కనిపిస్తుంది. గుండె ఉండవలసిన చోట నీలిపొగ సుళ్ళు తిరుగుతూ ఉంటుంది. వాటికి కళ్ళు ఆనవు, వెచ్చదనాన్ని బట్టే మనిషిని పోల్చుకుంటాయి.

“నోట్లో మంచు కుక్కుకో! ఊపిరి ఎచ్చగా రాకూడదు!” అని పోలాసి బండిని తిరగేసింది. చేపలు చెల్లాచెదురయ్యాయి. ఇద్దరూ బండికింద బోర్లాపడి నోటినిండా మంచు కుక్కుకున్నారు. పళ్ళు జివ్వుమన్నాయి, నాలుక కొయ్యబారింది. ఒక తోడేలు మూతి బండి సందులోకి దూరి కేతోజు చెంపదాకా వచ్చింది. అతను ఊపిరి బిగబట్టాడు. ఊపిరితిత్తులు పగిలిపోతాయేమో అనుకునేంతలో దానికి పక్కనున్న చేప వాసన తగిలింది. మిగతావి అప్పటికే పోట్లాడుకుంటున్నాయి. దొరికినంత మింగేసి, తోకలు ఊపుకుంటూ వెళ్ళిపోయాయి.

పోలాసి లేచి ఉమ్మేసి, మిగిలిన చేపలు బుట్టలోకి ఏరింది. సుత్తివైపు ఒక్క చూపు చూసింది. కేతోజు దాన్ని మొలలో దోపుకున్నాడు.

కోటగుమ్మం దగ్గర కాపలావాడు బుట్టలోకి తొంగిచూసి కళ్ళెర్రజేశాడు. “సగం కూడా లేవేమే పోలాసీ?”

“దారిలో మీ తోడేళ్ళే మింగాయి. ఆటినే అడుగు.”

“వీడెవడు?”

“నా మొగుడు.”

“నీ మొగుడు చచ్చాడుగా!”

“సచ్చినోడు సచ్చాడు. నన్ను కూడా ఒంటరిగా సలికి సావమంటావా? మారుమనువాడాను.”

కాపలావాడు కేతోజును ఎగాదిగా చూశాడు. “మాట్లాడడేం?”

“మాట్లాడే మొగుడితో ఒకసారి పడ్డాను బాబూ. ఈసారి ఏరి తెచ్చుకున్నాను.”

కాపలావాడు పకపకా నవ్వాడు. మీసానికి గడ్డకట్టిన మంచు రాలిపడింది. మాంత్రికుడు మేఘాల వేటకు కొండమీదికి వెళ్ళాడనీ, పొద్దుగుంకే వేళకు తిరిగి వస్తాడనీ ఆ నవ్వులోనే చెప్పేశాడు. చేపలు వంటశాలకు చేర్చమని కేతోజును లోపలికి తోలాడు. పోలాసి అతని చెవిలో, “గుమ్మందాకానే నాను. ఎనకవైపు నీళ్ళగవిని తలుపు ఉంది, అది సరస్సుమీదికే తెరుసుకుంటాది. గట్టున మంట ఏసి ఉంచుతాను, దాన్ని సూసుకుని రా” అని చెప్పి వెనుదిరిగింది.

వంటశాల దాటి, ఏటవాలు నడవ దిగి, కేతోజు స్తంభాలశాలలో అడుగుపెట్టాడు. ఎటుచూసినా మంచుస్తంభాలే. ఒక్కోదానిలో ఒక్కో మనిషి. కత్తి సగం దూసిన యోధుడు, వీణ ఒడిలో పెట్టుకున్న కన్య, తంబుర పట్టుకున్న బైరాగి. కొందరి ముఖాలు అప్పటికే అరిగిపోయి నున్నటి ముద్దలయ్యాయి. అన్నిటికన్నా చివర, గోడవారగా నీలాంబ నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి.

“అమ్మా నీలా!” అని కేతోజు స్తంభాన్ని కావలించుకున్నాడు. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఏడుస్తూ కూర్చునే వేళ కాదు. పైకప్పునుంచి ఊడిపడిన మంచుదిమ్మె ఒకటి పక్కనే ఉంది. ఉలి ఆనించి దెబ్బ వేశాడు. దిమ్మె పెళ్ళున రెండుగా పగిలింది. మిగిలిన సగంమీద ఉలిని మెల్లగా నడిపాడు. అది బీటలు వారింది. మూడో ముక్క తెచ్చుకునేసరికి ఉలి ఇనుము చలికి చేతికే అంటుకుపోయింది. విడిపించుకుంటే అరచేతి తోలు ఊడివచ్చింది. రక్తం బొట్టు మంచుమీద పడి చిన్న గుంట చేసుకుని లోపలికి దిగింది.

కేతోజు ఆ గుంటను చూస్తూ ఉండిపోయాడు. తరువాత మొదటిసారిగా, నిజంగా, మంచులోకి చూశాడు.

పడమటి గవాక్షంనుంచి ఎండ ఆ దిమ్మెమీద పడుతోంది. రాయి అయితే వెలుగును గుమ్మం బయటే నిలబెడుతుంది. ఇది లోపలికి రానిచ్చింది. లోపల సన్నటి నీలిపొరలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. చెట్టునుంచి రాలిన ఒక ఎండుటాకు ఈనెలతో సహా నిలిచిపోయి ఉంది. బుడగలు పైకి పోతూపోతూ ఆగిపోయాయి. ఎండ జరిగినకొద్దీ నీలం ఆకుపచ్చ అయింది, ఆకుపచ్చ పసుపు అయింది. ఇంత అందం ఇన్నాళ్ళుగా తన కాళ్ళకింద ఉంటే తొక్కుకుంటూ వచ్చానే అని అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే సంతోషం వచ్చింది. కూతురు చావుబతుకుల్లో ఉండగా సంతోషమేమిటని తనను తాను తిట్టుకున్నాడు. అయినా అది పోలేదు. చేతివేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. రోళ్ళు కొట్టి కొట్టి మొద్దుబారిన వేళ్ళు!

ఉలి పక్కన పెట్టాడు. వట్టి అరచెయ్యి మంచుమీద ఆనించాడు. వెచ్చదనానికి మంచు ఒదిగింది. బొటనవేలితో రాస్తే కంటిగుంట ఏర్పడింది. నోటితో ఊదితే చెంప నునుపెక్కింది. దెబ్బ వేసే పని లేదు కనుక శాస్త్రం గుర్తు రాలేదు. విల్లులు లేవు, నువ్వుపువ్వులు లేవు. చెయ్యి ముట్టుకున్నది ముట్టుకున్నట్టే వచ్చింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతే చంకల్లో పెట్టుకుని వేడిచేసుకున్నాడు, మళ్ళీ పనిలో పడ్డాడు. నుదురు వచ్చింది. చెవి వచ్చింది. పెదవి చివర చిన్న ముడుత వచ్చింది.

కేతోజు వెనక్కి జరిగి చూశాడు.

ఎదురుగా ఉన్నది నీలాంబ కాదు, కుందమ! ఒకవైపుకు రవ్వంత వంకర తిరిగిన ముక్కు. పిల్ల పాలు తాగి నిద్రపోతే ఎవరినీ మాట్లాడనివ్వకుండా బిగించే పెదవులు. ఎన్ని రాళ్ళు పగలగొట్టినా రానిది, ఇవాళ అడగకుండానే వచ్చి కూర్చుంది. “వచ్చావా?” అన్నాడు కేతోజు.

తల్లీకూతుళ్ళవి ఒకే పోలికలు. తేడా అల్లా ఆ ముక్కులోనే ఉంది. నీలాంబ ముక్కు తిన్ననిది. బొటనవేలితో ఒక్కసారి రాస్తే వంకర పోతుంది. వంకర పోతే కుందమ పోతుంది.

గవాక్షంలోనుంచి సరస్సు కనిపిస్తోంది. నడిమధ్యన నల్లటి నీళ్ళు ఇప్పుడు అరచేయంత. పొద్దు కొండను తాకింది. నీలాంబ స్తంభంలో పాదాల దగ్గరినుంచి తెలుపు పైకి పాకుతోంది.

కేతోజు బొటనవేలు ఆ ముక్కుమీద పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడుస్తూనే రాశాడు. కరిగిన నీరు మణికట్టుమీదుగా మోచేతిదాకా కారి, నేలబీటలోంచి కిందనున్న సరస్సులోకి చుక్కలు చుక్కలుగా దిగిపోయింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఎదురుగా కూతురి ముఖం ఉంది. గోటితో కనుపాపలు గీశాడు.

శాలంతా గుప్పున నీలిపొగ కమ్మింది. మంచుముఖం కళ్ళు ఒక్కసారి మెరిసి గాజుబారిపోయాయి. నీలాంబ స్తంభం నిలువునా చీలి, పిల్ల తండ్రి చేతుల్లో వాలిపోయింది. దగ్గింది. కళ్ళు తెరిచింది.

“నాన్నా... నీ ముఖమేంటి ఇలా కంపు కొడుతోంది?”

“తరువాత చెబుతాను తల్లీ. నడవగలవా? లేదూ? సరే, మెడ పట్టుకో!”

నీళ్ళగవిని గడియ తీసి సరస్సుమీదికి దూకాడు. దూరాన ఎదుటిగట్టున పోలాసి వేసిన మంట మిణుకుమంటోంది. సగందూరం పరుగెత్తేసరికి ఆకాశంలో ఉరుములాంటి చప్పుడయింది. కొండమీదినుంచి మంచుమేఘం ఒకటి సుళ్ళు తిరుగుతూ దిగింది. దానిలోనుంచి తుషారదంష్ట్రుడు బయటికి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. గడ్డం నిండా మంచుసూదులు. అడుగు పడినచోటల్లా మంచు పూలు పూస్తోంది. వెనక గాజు తోడేళ్ళ మంద.

వాడు పరుగెత్తలేదు. తొందరపడనూ లేదు. “శిల్పీ!” అన్నాడు, పక్కనే నిలబడి మాట్లాడినట్టు. “కాళ్ళకింద చూడు.”

కేతోజు చూశాడు. మంచు అడుగున కుందమ ముఖం ఉంది. వంకర ముక్కు, బిగించిన పెదవులు. తను చెరిపినదంతా చెక్కుచెదరకుండా ఉంది.

“నువ్వు చెరిపిన నీరు ఎక్కడికి పోయిందనుకున్నావు? నా సరస్సులోకే వచ్చింది. అమ్మాయిని అక్కడే దింపి, నువ్వు నాతో వచ్చెయ్. నీ భార్య ముఖం నీకిస్తాను. ఎన్ని ఎండాకాలాలు వచ్చినా కరగదు. నీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకో. ఇందాక చేసినటువంటి ముఖాలు నాకు చేసిపెడితే చాలు.”

కేతోజు మోకాళ్ళమీద కూలబడ్డాడు. నీలాంబను పక్కన దింపి, రెండు చేతులూ మంచుమీద ఆనించాడు. ఇంతకాలం కలలోకైనా రాని ముఖం. చేయి చాపితే అందేంత దగ్గర. తోడేళ్ళు చుట్టూ వలయం కడుతున్నాయి. అతనికి వాటి ఊసే లేదు. లోపల కుందమ మెల్లగా కళ్ళు తెరిచింది.

“నాన్నా!” నీలాంబ అతని భుజం పట్టుకుని కుదిపింది. ఆ పిల్ల చెప్పుల్లేని పాదాలు నీలిరంగుకు తిరిగాయి.

కేతోజు ఆ పాదాలను చూశాడు. మొలలోని సుత్తి తీశాడు. “కుందమా, నన్ను క్షమించు” అని పైకే అన్నాడు. రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి, ఆ ముఖం నడిమధ్యన కొట్టాడు.

సరస్సు బద్దలైంది. దెబ్బ తగిలిన చోటునుంచి బీటలు మెరుపుల్లా నలుదిక్కులకూ పరిగెత్తాయి. తోడేళ్ళు జారి నల్లటి నీళ్ళలో పడ్డాయి. మంచులో పుట్టినవి నీటికి తాళలేక చిటపటా చిట్లిపోయాయి. తుషారదంష్ట్రుడు పెడబొబ్బ పెట్టాడు. తన సరస్సు తనకే దారి ఇవ్వక, వాడు ఆవలి ముక్కమీద నిలబడిపోయాడు. తండ్రీకూతుళ్ళున్న మంచుపలక గిర్రున తిరిగి, అడుగునుంచి వచ్చిన ప్రవాహానికి చిక్కి, గట్టువైపుకు కాకుండా పక్కదిక్కుకు కొట్టుకుపోసాగింది. పోలాసి మంట చిన్నదైపోయింది. “ఓజయ్యా! అటు కాదు! అటు పాతాళబిలం! పలకమీంచి దూకెయ్!” అన్న కేక ఒకసారి వినిపించింది. దూకుదామంటే చుట్టూ సుడులు తప్ప కాలు పెట్టే చోటు లేదు.

ఎదుట నల్లకొండ. కొండలో నోరు తెరుచుకున్న పాతాళబిలం. నీళ్ళన్నీ అందులోకి పోవడమే గానీ బయటికి రావడం ఎవరూ చూడలేదు. కేతోజు పలకమీద కూర్చుని, కూతురిని ఒళ్ళోకి లాక్కుని, తన మేకతోలు ఆమెకు చుట్టాడు.

“నాన్నా” అంది నీలాంబ, అతని ఛాతీలో ముఖం దాచుకుని. “మంచుకింద ఉన్న ఆవిడ ఎవరు?”

కేతోజు ఉలిక్కిపడ్డాడు. “నువ్వు చూశావా?”

“చూశాను. నువ్వు సుత్తి ఎత్తినప్పుడు ఆవిడ నీవైపు చూడలేదు నాన్నా. నన్నే చూసింది. చూసి నవ్వింది. ఎవరు నాన్నా ఆవిడ?”

పలక కొండనోట్లోకి దూసుకుపోయింది. వెలుగు ఆరిపోయింది. వేయి మద్దెలలు ఒక్కసారి మోగినట్టు నీటి హోరు చెవులు బద్దలుకొట్టింది.

“మీ అమ్మ!” అని కేతోజు గొంతు చించుకుని అరిచాడు. తన గొంతు తనకే వినబడలేదు.

చీకట్లో నీలాంబ అతని చొక్కా పట్టుకుని ఊపుతూ మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది.